అటక మీది జాడీ, పెట్టెలోని పింగాణీ: పాత పాత్రలతో ఇల్లు అలంకరించుకోవడం ఎలా

ఆవకాయ గాజు సీసాల్లోకి మారిపోయాక, పైన ముదురు గోధుమ, కింద మీగడ రంగు ఉండే జాడీలు అటకెక్కేశాయి. పెళ్ళిళ్ళకి వచ్చిన కప్పులూ సాసర్లూ పాత చీరల్లో చుట్టి ట్రంకుపెట్టెలో ఉండిపోయాయి. వాటిని దింపి హాల్లో పెట్టుకోవాలని చాలామందికి ఉంటుంది. దింపుతారు, సబ్బుతో కడుగుతారు, గోడకి మేకు కొట్టి తగిలిస్తారు. నాలుగు నెలలకి ఒకటి కింద పడుతుంది, ఇంకొకదాని మీద బంగారు అంచు పోతుంది, జాడీ మీద తెల్లటి పొడి తేలుతుంది. వీటన్నిటినీ ముందే ఆపవచ్చు. ఏది ఎక్కడ పెడితే అందం అన్న ఆలోచన తరవాత. ముందు మీ చేతిలో ఉన్నది ఏ రకమో, దానికి ఏం పడదో తెలియాలి.

మీ దగ్గరున్నది ఏది?

మన ఇళ్ళలో దొరికేవి ముఖ్యంగా మూడు రకాలు. ఊరగాయ జాడీ స్టోన్‌వేర్. 1200 డిగ్రీల సెల్సియస్ దగ్గరో ఆ పైనో కాల్చినది కాబట్టి మట్టి గట్టిపడిపోయి నీళ్ళు పెద్దగా పీల్చదు. హైదరాబాదు వైపు దీన్నే మర్తబాన్ అనడమూ ఉంది. బర్మాలోని మర్తబాన్ రేవు నుంచి పెద్ద జాడీలు ఓడల్లో వచ్చిన కాలం నాటి మాట అది. రెండోది మామూలు కాల్చిన మట్టి మీద తెల్ల గ్లేజు, అంటే గాజులాంటి నున్నటి పూత, వేసిన పళ్ళాలు. ఇంగ్లండు నీలి బొమ్మల పళ్ళాలు చాలావరకు ఈ రకమే. వీటి లోపలి మట్టి నీళ్ళు పీలుస్తుంది. మూడోది అసలైన పింగాణీ, ఎముకల బూడిద కలిపి చేసే బోన్ చైనా.

పోల్చుకోవడం తేలిక. చీకటి గదిలో పళ్ళెం వెనక ఫోన్ టార్చి పెట్టి, మధ్యలో వేలు ఆడించండి. వేలి నీడ ఇవతలికి కనిపిస్తే పింగాణీ గానీ బోన్ చైనా గానీ అయ్యుంటుంది. కనిపించకపోతే మొదటి రెండు రకాల్లో ఒకటి, లేదా బాగా మందంగా చేసిన పింగాణీ. అప్పుడు అడుగున గ్లేజు లేని వలయం మీద ఒక్క నీటి చుక్క వేయండి. నిమిషంలో ఇంకిపోతే పీల్చే మట్టి. అలాంటిదాన్ని మామూలుగా కడిగేటప్పుడు నీళ్ళలో నానబెట్టకూడదు. ఈ ఒక్క పరీక్ష మీదే కడిగే పద్ధతంతా ఆధారపడి ఉంటుంది.

వయసు కోసం వెనక ముద్ర చూస్తాం. అమెరికా 1891 నుంచి దిగుమతి సరుకు మీద దేశం పేరు ఉండాలని పట్టుబట్టింది. అందుకే ‘ఇంగ్లండ్’ అని దేశం పేరున్నవి సాధారణంగా ఆ తరవాతివి, ‘మేడ్ ఇన్ ఇంగ్లండ్’ అని పూర్తిగా ఉంటే ఎక్కువగా ఇరవయ్యో శతాబ్దానివి. జపాను సరుకు మీద 1921 వరకు ‘నిప్పాన్’ అని, ఆ తరవాత ‘జపాన్’ అని వేశారు. ‘ఆక్యుపైడ్ జపాన్’ అని ఉంటే రెండో ప్రపంచయుద్ధం ముగిశాక, 1952 లోపు చేసినది. వంతెన, దాని మీద ముగ్గురు మనుషులు, పైన రెండు పిట్టలు ఉన్న నీలి ‘విల్లో’ పళ్ళెం చూసి చైనాది అనుకునేవాళ్ళు ఎక్కువ. ఆ బొమ్మ పుట్టింది ఇంగ్లండులోనే, పద్దెనిమిదో శతాబ్దం చివర. అంచు డిజైన్‌ని వేలితో వెంబడించండి, ఎక్కడో ఒకచోట రెండు కొసలు సరిగ్గా కలవకుండా ఉంటాయి. కాగితం మీంచి బొమ్మ దించి అతికించిన గుర్తు అది.

ముద్రని మాత్రం గుడ్డిగా నమ్మవద్దు, ముద్ర ఎవరైనా వేయగలరు. అడుగు వలయం అబద్ధం చెప్పడం కష్టం. నిజంగా వాడిన పళ్ళెం అడుగు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ అరిగి ఉంటుంది. ముఖం మీద చెంచా గీతలు అన్ని దిక్కులకూ ఉంటాయి. అన్నీ ఒకే వైపుకి, ఒకే లోతులో ఉన్నాయంటే ఎవరో గరుకు కాగితంతో రుద్దారు.

పగుళ్ళు వెతకడం

పళ్ళేన్ని అయిదు వేళ్ళ కొసల మీద నిలిపి, వేలి కణుపుతో అంచు దగ్గర మెల్లగా తట్టండి. ఖంగుమని మోగి ఆ మోత కాసేపు నిలవాలి. ‘దబ్’మని చచ్చు శబ్దం వస్తే ఎక్కడో బీట ఉంది. కంటికి కనబడకపోయినా ఉంది. అలాంటిదాన్ని గోడకి తగిలించకండి, గూట్లో ఆనించి పెట్టుకోండి. తక్కువ మంటలో కాల్చిన మందపు మట్టి పళ్ళెం మంచిదైనా కాస్త మందంగానే మోగుతుంది. కాబట్టి ఒకే రకంవి రెండు పక్కపక్కన తట్టి పోల్చుకోవడం మంచిది.

జాడీకి ఇంకో పరీక్ష. నిండా నీళ్ళు పోసి పాత వార్తాపత్రిక మీద రాత్రంతా ఉంచండి. తెల్లారి కాగితం ఎక్కడ తడిసిందో దాని పైనే బీట.

కొనబోయే వస్తువైతే నోట్లు చూసే యూవీ టార్చి వెంట పెట్టుకోండి. అతికించి రంగు వేసిన చోటు ఆ వెలుగులో చుట్టుపక్కల గ్లేజుకి భిన్నంగా, చాలాసార్లు పాలిపోయిన పసుపుగానో నీలంగానో మెరుస్తుంది. ముంబయి చోర్‌బజారులోని మటన్ వీధి, కారైక్కుడి మునీశ్వరన్ కోయిల్ వీధి, కొచ్చి మట్టాంచేరి లాంటి చోట్ల వెతికేటప్పుడు దుకాణంలో వెలుగు తక్కువ ఉంటుంది. బయటికి తెచ్చి పగటి వెలుతురులో చూడనివ్వకపోతే కొనకండి.

కడగడం: ఎక్కువ పాడయ్యేది ఇక్కడే

ప్లాస్టిక్ టబ్బులో అడుగున మందపు తువాలు పరవండి. స్టీలు సింకులో కడగవద్దు, కుళాయి ముక్కుకి తగిలి అంచు పెచ్చులు లేచినవి లెక్కలేనన్ని. గోరువెచ్చని నీళ్ళు రెండు లీటర్లకి గిన్నెలు తోమే ద్రవం నాలుగైదు చుక్కలు చాలు. ఒక్కసారికి ఒక్క వస్తువే. కప్పుని చెవి పట్టుకుని ఎత్తకండి, అడుగు కింద చెయ్యి పెట్టండి. చెవి అతుకు బయటికి కనబడకుండా ఎప్పుడో వదులై ఉండవచ్చు.

బంగారు అంచు ఉన్నవాటికి చింతపండు, నిమ్మకాయ, గిన్నెల పౌడరు, పీచు ఏవీ తగలకూడదు. ఆ బంగారం గ్లేజు పైన అతి పలుచగా వేసి తక్కువ వేడిలో కాల్చిన పూత మాత్రమే. ఇత్తడి బిందెలా తోమితే మెరుస్తుందనుకుని ఒక్కసారి రుద్దితే చాలు, మళ్ళీ రాదు. మైక్రోవేవ్, గిన్నెలు కడిగే మిషన్ సంగతి చెప్పనక్కర్లేదు.

బోరు నీళ్ళతో కడిగితే ఆరాక సున్నపు మచ్చలు మిగులుతాయి. చివరి కడుగు ఆర్‌వో నీళ్ళతో చెయ్యండి.

గ్లేజు మీద సాలెగూడు లాంటి సన్నగీతలుంటే అవి మురికి కావు. గ్లేజూ లోపలి మట్టీ వేడికి సమానంగా సాగక, చల్లారేటప్పుడు గ్లేజు చిట్లిన గీతలు. వాటిలోకి టీ, నూనె దిగితే గోధుమ రంగు మచ్చలు పడతాయి. చాలామంది వెంటనే బ్లీచింగు ఎత్తుకుంటారు. అది చెయ్యవద్దు. అందులోని క్లోరిన్ లవణాలు పీల్చే మట్టిలో ఉండిపోయి, ఆరాక స్ఫటికాలై గ్లేజుని కింద నుంచి తన్నుతాయి. వారంలో తెల్లగా అవుతుంది, ఏడాదిలో పెచ్చులూడుతుంది. మందుల షాపులో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ మేలు. ముందు పళ్ళేన్ని మామూలు నీళ్ళలో పావుగంట తడపండి, మచ్చ లోపలికి మరింత ఇంకకుండా. తరవాత దూదిని పెరాక్సైడ్‌లో ముంచి మచ్చ మీద పరిచి, పైన ప్లాస్టిక్ కాగితం చుట్టి ఒక రోజు ఉంచండి. చేతికి గ్లవ్స్ తప్పనిసరి. దూది మార్చి మూడు నాలుగు రోజులు చేస్తే తేడా తెలుస్తుంది. తరవాత శుభ్రమైన నీళ్ళతో రెండు మూడు సార్లు కడిగి, నీడలో పది రోజులు నిలువుగా ఆరబెట్టాలి. గ్లేజు పైన చేత్తో వేసిన రంగులు, బంగారం, పాత అతుకులు ఉన్న చోట ఈ వైద్యం వద్దు.

ఇక ఊరగాయ జాడీ. దీనికి రెండు జబ్బులు: నూనె, ఉప్పు.

నూనె ఏళ్ళ తరబడి గాలి తగిలి పచ్చటి జిగురులా గడ్డకట్టి ఉంటుంది. వేడినీళ్ళు ఒక్కసారిగా పోయకండి. చల్లటి జాడీలో మరిగే నీళ్ళు పోస్తే లోపలి వైపు ముందు సాగి, బయటి వైపు సాగక, నిలువునా బీటవారుతుంది. గోరువెచ్చని నీళ్ళు లీటరుకి రెండు పెద్ద చెంచాల వంటసోడా కలిపి నింపి రాత్రంతా ఉంచి, పొద్దున సీసాలు కడిగే నైలాన్ బ్రష్‌తో తోమండి. మూతి లోపలి మెట్టు, మూత ఆనే చోటు మరిచిపోతారు, వాసనంతా అక్కడే ఉంటుంది. ఒకసారికి పోకపోతే మళ్ళీ చెయ్యండి, ఇనుప పీచుకి మాత్రం వెళ్ళవద్దు.

ఉప్పు ఇంకా మొండిది. అడుగున గ్లేజు లేని చోటు నుంచీ, వెంట్రుకంత బీటల నుంచీ లోపలికి దిగిపోయి ఉంటుంది. జాడీని హాల్లో పెట్టిన రెండు నెలలకి అడుగు చుట్టూ తెల్లటి పొడి కనిపిస్తే అదే. తుడిస్తే పోతుంది, మళ్ళీ వస్తుంది. ప్రతిసారీ కొంచెం గ్లేజుని తోసుకుంటూ వస్తుంది. జాడీని పెద్ద బకెట్‌లో పూర్తిగా మునిగేలా మామూలు నీళ్ళలో పెట్టి, రోజూ నీళ్ళు మార్చండి. అయిదు రోజులు. చివరి రోజు ఆర్‌వో నీళ్ళు. తరవాత వారం రోజులు మూత తీసి ఆరబెట్టండి. మళ్ళీ పొడి తేలితే ఇంకో అయిదు రోజులు. పెరట్లో ఎర్రటి ఎండలో పెట్టి తొందరపెట్టకండి.

ఇందులో తినవచ్చా?

అలంకరణకి తీసినవి అలంకరణకే. దక్కను దర్బారుల్లో ఆకుపచ్చ చైనా పళ్ళేలని ఘోరీ అనేవారు, అన్నంలో విషం కలిస్తే అవి రంగు మారతాయని నమ్మేవారు. సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆ రకం పాత్రలు చూడవచ్చు. నిజానికి పాత పళ్ళెం విషాన్ని పట్టివ్వడం మాట అటుంచి, విషం దాన్నుంచే రావచ్చు. పాత గ్లేజుల్లో, పైన వేసిన రంగుల్లో సీసం ఉండేది. పులుపు తగిలితే అది కరుగుతుంది. చారు, పెరుగు, ఊరగాయ, నిమ్మరసం పాత రంగుల పాత్రల్లో వద్దు. చిట్లిన గ్లేజు ఉన్నవాటిలో ఏదీ వద్దు.

గోడ ఎంచుకోవడం

బాత్రూము వెనక గోడ, వాన జల్లు నేరుగా కొట్టే బయటి గోడ పనికిరావు. అనుమానముంటే అడుగు చదరం పాలిథిన్ కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో గోడకి అతికించి రెండు రోజులు ఉంచండి. లోపల చెమ్మ పట్టిందా, ఆ గోడ వదిలెయ్యండి.

రంగు విషయంలో ఒక మాట. నీలం తెలుపు పళ్ళాలు తెల్ల గోడ మీద తేలిపోతాయి, అంచు ఎక్కడ ముగుస్తుందో కనబడదు. లేత మట్టిరంగు, బూడిద పచ్చ గోడ మీద అవే పళ్ళాలు నిలబడతాయి. జాడీలకి మాత్రం వెల్లవేసిన గోడ కంటే మంచిది లేదు. ట్యూబులైటు వాటి మీద తళుక్కుమంటుంది. పక్కనుంచి వచ్చే పసుపు వెలుగు, 2700 నుంచి 3000 కెల్విన్ ఎల్‌ఈడీ వేస్తే గ్లేజు లోతు కనబడుతుంది.

పళ్ళాలు గోడకి తగిలించడం

1. ప్రతి పళ్ళేన్నీ వార్తాపత్రిక మీద బోర్లించి చుట్టూ గీసి కత్తిరించండి. ఆ కాగితాలని గోడకి అతికించి ఒక రోజంతా వచ్చీపోయేటప్పుడు చూడండి. గుంపు నడిమి భాగం నేల నుంచి 145 నుంచి 150 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. సోఫా వెనకైతే సోఫా పై అంచుకి 20-25 సెంటీమీటర్లు పైన మొదలుపెట్టండి, లేకపోతే తలలు తగులుతాయి. పళ్ళానికీ పళ్ళానికీ మధ్య 5 నుంచి 8 సెంటీమీటర్లు. అన్నిటికంటే పెద్దదాన్ని సరిగ్గా నడిమధ్య కాకుండా కాస్త పక్కకి పెట్టి, దాని చుట్టూ మిగతావి అల్లుకోండి.

2. కొక్కెం రెండు రకాలు. స్ప్రింగు తీగ హ్యాంగరు పళ్ళెం అంచుని నాలుగు చోట్ల పట్టుకుంటుంది. దీన్ని తగిలించడానికి బలంగా లాగాల్సి వస్తే అది ఒక సైజు చిన్నది, మార్చండి. బిగువు ఎక్కువైతే ఏ బరువూ పడకుండానే ఏదో ఒక రాత్రి అంచు విరుగుతుంది. తీగ కొనలు గ్లేజుని గీకకుండా కరెంటు సామాన్ల షాపులో దొరికే హీట్ ష్రింక్ ట్యూబు ముక్కలు తొడగండి. కొందరు సైకిల్ వాల్వు ట్యూబు వాడతారు. చవకే గానీ మన ఎండలకి రబ్బరు కరిగి అంచు మీద అంటుకుపోయే మరక వదులుతుంది.

రెండోది వెనక అతికించే డిస్కు. ముందునుంచి ఏమీ కనబడదు, అందుకే అందరూ ఇష్టపడతారు. డిస్కుని తడిపి, అయిదు నిమిషాల్లో జిగురు పాకం పట్టాక నొక్కి, 24 గంటలు ఆరనివ్వాలి. చాలా డిస్కుల జిగురు నీళ్ళకి కరిగేది, తీయాలంటే తడిపితే ఊడి వస్తుంది. అదే కారణంగా సముద్రపు గాలి ఉండే ఊళ్ళలో, విశాఖలోనో కాకినాడలోనో, దాన్ని నమ్ముకోవడం మంచిది కాదు. స్ప్రింగుకే ఓటు వెయ్యండి. అడుగున గ్లేజు లేనివాటికీ, చిట్లినవాటికీ డిస్కు ఎక్కడా వద్దు.

3. తగిలించే ముందు పరుపు మీద పట్టుకుని గట్టిగా అటూ ఇటూ ఊపండి. పడితే అక్కడే పడనివ్వండి.

4. గోడకి ఉత్త మేకు కొట్టకండి. ఇటుక గోడ మీద సిమెంటు పూత ఒకటి ఒకటిన్నర సెంటీమీటర్లే ఉంటుంది, మేకు సగం అందులోనే నిలబడుతుంది. 6 మిల్లీమీటర్ల బిట్టుతో 4 సెంటీమీటర్ల లోతు బెజ్జం వేసి, దుమ్ము ఊది, ప్లాస్టిక్ ప్లగ్గు దింపి స్క్రూ బిగించండి. స్క్రూ తల 8 మిల్లీమీటర్లు బయటికి, కాస్త పైకి వాలి ఉండాలి. స్విచ్‌బోర్డుకి నేరుగా పైనా కిందా బెజ్జం వేయకండి, వైర్లు అటే నడుస్తాయి.

గూళ్ళు, కడప రాయి అరలు

పాత ఇళ్ళలో గోడ గూడు కంటే అందమైన చోటు పింగాణీకి లేదు. కొత్త ఇళ్ళలో కడప రాయి బండల అరలు ఉంటాయి. రాయి మీద పింగాణీని నేరుగా పెడితే జరిపిన ప్రతిసారీ అడుగు రాయికి రాసుకుంటుంది, కింద ఫెల్టు ముక్క వెయ్యండి. పళ్ళాలు నిలబెట్టడానికి చెక్క అరలో గోడకి 3 సెంటీమీటర్ల దూరంలో 1 సెంటీమీటరు వెడల్పు, 6 మిల్లీమీటర్ల లోతు గాడి తీయమని వడ్రంగికి చెప్పండి.

ఫ్రిజ్ పక్క అర, తలుపు దబాలున వేసుకునే గోడ మీది అర జాగ్రత్త. అదురుకి వస్తువు రోజుకి కాస్త చొప్పున అంచు వైపు నడుస్తుంది. అడుగున బఠాణీ గింజంత మ్యూజియం మైనం (వస్తువులు కదలకుండా అడుగున పెట్టే మెత్తటి మైనం) మూడుచోట్ల పెట్టి నొక్కితే కదలదు, తీయాలంటే మెలి తిప్పితే వస్తుంది. డబుల్ టేపు మాత్రం వాడవద్దు, పీకేటప్పుడు రంగు కూడా ఊడి వస్తుంది. కప్పులు ఒకదాంట్లో ఒకటి పేర్చకండి, కింది కప్పు అంచు మీద పైదాని బరువంతా పడుతుంది.

జాడీలు మూడు ఎత్తుల్లో, మెట్ల కింద మూలలో లేదా గుమ్మం పక్కన ఒక్కవైపే పెడితే చాలు. ఇరువైపులా పెడితే పెళ్ళిమండపంలా ఉంటుంది. కింద అంగుళం ఎత్తు చెక్కపీట తప్పనిసరి. తడిగుడ్డ పెట్టిన ప్రతిసారీ ఫినాయిలు నీళ్ళు అడుగు నుంచి లోపలికి ఎక్కుతాయి. ఎత్తుగా, సన్నగా ఉన్న జాడీ ఒరిగి పడకుండా పాలిథిన్ సంచిలో మూటకట్టిన ఇసుక లోపల దించండి. ఇసుక ఉత్తిగా పోయవద్దు, చెమ్మ పడుతుంది. పూలు పెట్టాలంటే లోపల గాజు సీసాలో నీళ్ళు పోయండి. దీపం చేయాలనుకుంటే బెజ్జం వేయించకండి. మూతిలో బిగుతుగా కూర్చునే చెక్క బిరడా చేయించి, హోల్డరు దాని మీద బిగించి, వైరు బయటినుంచే దింపండి.

పగిలినవి

పగిలిన పాత్ర ఇంట్లో ఉండకూడదని పెద్దవాళ్ళు అంటారు. వంటకి వాడే గిన్నె విషయంలో ఆ మాట మంచిదే. విలువైనదని అనుమానముంటే ముక్కలన్నీ, పొడితో సహా, విడివిడిగా కాగితంలో చుట్టి దాచండి, అతికించకండి. క్షణంలో పట్టేసే జిగురు వాడితే ముక్కలు సర్దుకునే లోపే బిగుసుకుపోతుంది, మొదటి ముక్క వెంట్రుకవాసి తప్పితే చివరి ముక్క అసలు ఇమడదు. మామూలు పళ్ళేనికి నెమ్మదిగా పట్టే ఎపాక్సీ (రెండు భాగాలు కలిపి వాడే జిగురు) చాలు, కాలక్రమంలో పసుపెక్కుతుందని మాత్రం తెలిసి వాడండి. వెనకవైపు ఇత్తడి కుట్లు వేసిన పాత పళ్ళెం దొరికితే ఆ కుట్లు పీకించవద్దు. అది ఒకప్పటి మరమ్మతు, వస్తువు చరిత్రలో భాగం.

విదేశాలకి తీసుకెళ్ళేవాళ్ళకి

1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన కళావస్తువులని వ్యక్తులు దేశం దాటించడం నేరం. అమ్మమ్మ జాడీ అంత పాతది కాకపోయినా, విమానాశ్రయంలో చూడటానికి పాతదిలాగే ఉంటుంది. భారత పురావస్తు సర్వేక్షణ కార్యాలయంలో ఇది పురావస్తువు కాదని ధ్రువపత్రం తీసుకోవచ్చు. దానికి సమయం పడుతుంది, టికెట్టు తేదీకి ముందే మొదలుపెట్టండి.

ఏడాదికొకసారి

మామూలు రోజుల్లో మెత్తటి రంగుల బ్రష్‌తో దుమ్ము దులిపితే చాలు, తడిగుడ్డ అవసరం లేదు. సంక్రాంతి ముందు బూజు దులిపేటప్పుడు మాత్రం పళ్ళాలన్నీ ముందే దించి మంచం మీద పెట్టండి. గోడ మీది పింగాణీకి పెద్ద శత్రువు వెదురు బూజుకర్ర. దించిన సందర్భంలోనే ప్రతిదాన్నీ మళ్ళీ ఒకసారి తట్టి చూడండి, స్ప్రింగు తుప్పు పట్టిందేమో చూడండి, డిస్కు అంచు లేచిందేమో గోటితో మీటండి. మోత మారిన పళ్ళెం తిరిగి గోడ ఎక్కకూడదు, గూట్లోకి వెళ్ళాలి.